మూడో ప్రకటన

ఆదివారం చర్చిలో యూనీస్ పెళ్ళికి మూడో ప్రకటన చదవాలి. గురువారం మధ్యాహ్నం భోజనాల వేళకు సత్యవేదం జీన్స్ యూనిట్ దగ్గరికి వచ్చాడు. చంకలో ముదురెరుపు మఖమల్ గుడ్డ, పాత పేపర్లో చుట్టింది.

అతను లోపలికి అడుగు పెట్టలేదు. గడప అవతలే నిలబడి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ షెడ్డులో నీలం పొడి ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. మిషన్ల మీద, ఫ్యాను రెక్కల మీద, కుట్టేవాళ్ళ కనురెప్పల మీద కూడా నీలమే.

"యూనీస్, ఈడికి రామ్మా."

యూనీస్ డబ్బా మూత పెట్టి లేచింది. సత్యవేదం ఆమె చనిపోయిన భర్త రాజ్ కుమార్‌కి అన్న. చర్చి కమిటీ సెక్రటరీ. బళ్ళారి గాంధీనగర్‌లో ఆమె ఉంటున్న వాటాకు గోడ అవతలి వాటా అతనిదే.

"తెర కుట్టల్ల," అన్నాడు గుడ్డ చేతికిస్తూ. "రెండు ముక్కలుగా. నడిమధ్యన కలవల్ల. తాడు లాగితే సగం అట్ల, సగం ఇట్ల పోవల్ల."

"దేనికి బావా?"

"మావాని రాయికి. కురుగోడులో చెక్కించినా. నిన్ననే చర్చి గోడకు పెట్టించినాము. ఆదివారం ఆరాధన అయినంక తెరవల్ల. నువ్వే తెరవల్ల."

ఫోన్ తీసి ఫోటో చూపించాడు. నల్లరాయి. దాని మీద బంగారు రంగు అక్షరాలు. క్వయర్ మాస్టర్ రాజ్ కుమార్. దేవుని సేవకుడు. ఆదర్శ భర్త.

యూనీస్ ఆఖరి రెండు మాటల దగ్గరే ఆగిపోయింది. ఫోన్ తెర మీద వెలుగు తగ్గి ఆరిపోయింది. సత్యవేదం వేలితో తట్టి మళ్ళీ వెలిగించాడు.

"కడామాట తీసేయండి బావా."

"రాతిలో చెక్కినంక ఎట్ల తీస్తారమ్మా?"

"సిమెంటు పూస్తే పోతాది."

సత్యవేదం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చూడమ్మా. నువ్వు కెన్నెత్‌ను చేసుకుంటాననంగానే కమిటీలో సగం మంది వద్దన్నారు. నేనే నచ్చజెప్పినా. రెండు వారాలు ప్రకటన చదివించినా. అయితే జనం నోరు ఊరికే ఉంటాదా? ఆ మొగుడు సరిగా చూసుకోల్యా, అందుకే ఈ వయసులో ఇంగొకన్ని ఎతుక్కునింది అంటాండారు. మావాడు పోయి మూడేండ్లాయ. వాని పేరు నిలబడల్ల. నీ చేత్తో నువ్వు తెర లాగితే నిలబడ్తాది."

"లాగకపోతే?"

"మూడో ప్రకటన చదవరు. అంతే. శనివారం లోపల నాకు మాట చెప్పు."

యూనీస్ గుడ్డను చూస్తూ అంది. "గోడకు ఆపక్కనే ఉంటిరి కదా బావా. మీకు ఏమీ ఇనపడలేదా?"

సత్యవేదం జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని మొహంలో కోపం లేదు. వర్షం వస్తుందేమో అని ఆకాశం చూసినట్టు ఒకసారి పైకి చూశాడు. "ఇంట్లో జరిగేవి ఎవురింట్లో లేవమ్మా. వాడు నా తమ్ముడు. సుమ్నె, నోరు మెదపకుండా కుట్టు," అని స్కూటర్ ఎక్కాడు.

లోపలికి వచ్చేసరికి పక్క మిషన్ ప్రసన్నలక్ష్మి చేయి కడుక్కుని కొంగుకు తుడుచుకుంటోంది. ఆమెది కంప్లి పక్క క్యాంపు. తాతల కాలంలో గోదావరి నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్న కుటుంబం. ఇక్కడే పుట్టినా ఆ యాస పోలేదు.

"ఏమంటాడే మీ బావగారు? పెళ్ళి పందిరికా గుడ్డ?"

"సమాధి రాయి లాంటిదానికి."

"ఓరి నాయనో. ప్రకటనలు అయిపోయాయా?"

"ఇంగొకటి ఉండాది. ఆదివారం."

"మీ పద్ధతి భలే ఉంటుందే యూనీసూ. మూడు వారాలు పేర్లు చదివి, ఈ పెళ్ళి ఆపేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మైకులో అడిగి మరీ చేస్తారు. మా క్యాంపులో అలా అడిగితే ఒక్క పెళ్ళీ జరగదు. చేతులెత్తే వాళ్ళకి కుర్చీలు చాలవు."

యూనీస్‌కి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆమె ఎడమచేతి చిటికెన వేలు ముడుచుకునే ఉంటుంది. అది చాపడానికి రాదు. మఖమల్ మీద ఆ వేలు ఒక్కటే ఆనకుండా, మిగతా నాలుగూ ఆనించి గుడ్డ పోగు ఎటు పోతుందో చూసుకుంది.

శుక్రవారం ఉదయం బార్టాక్ మిషన్ మొరాయించింది. జేబు మూలల్లో, జిప్పు కింద వేసే చిన్న గట్టి కుట్టు అది. అది లేకపోతే ప్యాంటు బయటికి పోదు. యజమాని గురునాథ్ ఫోన్ చేస్తే కంప్లి నుంచి కెన్నెత్ బైక్ మీద వచ్చాడు. వెనక సీటుకు తాడుతో కట్టిన టూల్ బాక్స్, చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు. రెండేళ్ళ కింద ఇదే మిషన్ బాగు చేయడానికి వచ్చినప్పుడే యూనీస్ అతన్ని మళ్ళీ చూసింది.

ప్రసన్నలక్ష్మి గట్టిగా అంది. "పెళ్ళికొడుకు వచ్చాడు, అందరూ కళ్ళు మూసుకోండి."

"మూసుకుంటే సూది గుచ్చుకుంటాది, జాగ్రత్తమ్మా," అన్నాడు కెన్నెత్.

మిషన్ తల వెనక్కి వాల్చి, నూనె చుక్కలు వేసి, సూది పట్టీ వదులు చేశాడు. యూనీస్ పక్కన నిలబడి టార్చి పట్టుకుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఎక్కువ ఇలాగే. మధ్యలో ఒక మిషన్ ఉంటుంది.

ఆమె రాయి సంగతి చెప్పింది. ఎక్కువ మాటల్లో చెప్పలేదు. కెన్నెత్ వింటూ ఒక స్క్రూను బిగించి, వదిలి, మళ్ళీ బిగించాడు.

"ఒక్క నిమిషం పని," అన్నాడు చివరికి. "తాడు లాగు, పక్కకొచ్చెయ్. గురువారం పెండ్లయిపోతాది. నువ్వు కంప్లికి వచ్చేస్తావు. ఆ రాయిని నువ్వు మళ్ళా జన్మలో చూసే పని ఉండదు."

"ఒక్క నిమిషమే."

"అంతే కదా. సుమ్నె ఉంటే అయిపోతాది."

టార్చి వెలుగు కదిలింది. "అప్పుడు కూడా సుమ్నెనే ఉంటివి," అంది యూనీస్.

కెన్నెత్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"నా మొదటి పెండ్లికి మూడో ఆదివారం నా పేరు, రాజ్ కుమార్ పేరు చదివినారు. అడ్డం ఎవురన్నా చెప్తారా అని అడిగినారు. నేను లేచి చెప్తానంటివి. నేను తల వంచుకోని నీ గొంతు కోసం చూస్తాంటి. నువ్వు లోపలికే రాలేదు. కిటికీలో నుంచి కనపడ్తాంటివి. గంట స్తంభం కాడ నిల్చుకోనుంటివి."

"మా నాయన..." అన్నాడు. స్క్రూ బిగించి, పాత గుడ్డపీలిక పెట్టి, పెడల్ తొక్కాడు. ట్రర్ర్‌ర్ అని మిషన్ ఒక్క క్షణంలో కుట్టు దింపింది. గోరంత పొడవు. కెన్నెత్ రెండు చేతులతో పీలికను అటూ ఇటూ లాగాడు. గుడ్డ పర్రున చినిగింది. కుట్టు అలాగే ఉంది.

"బాగయింది," అన్నాడు ఆమె మొహం చూడకుండా.

"సాయంత్రం ఇంటికి రా. ఒకటి చూపిస్తా."

పెళ్ళి కుదిరినా కెన్నెత్ ఆ ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు. నలుగురి నోళ్ళకు భయపడి సందు చివరే బైక్ ఆపి మాట్లాడి వెళ్ళిపోయేవాడు. ఆ సాయంత్రం యూనీస్ వీధి తలుపు బార్లా తెరిచి, కదలకుండా రుబ్బురాయి పొత్రం అడ్డం పెట్టింది. ఆ ఇంట్లో ఏ తలుపుకీ గడియ లేదు. వీధి తలుపుకు మాత్రం రాత్రిళ్ళు లోపల నుంచి ఒక తాడు కట్టుకుంటుంది.

"రా. చెప్పులతోనే రా."

ముందు గది దాటి లోపలి గది తలుపు దగ్గరికి తీసుకెళ్ళి పక్కకు తప్పుకుంది.

కెన్నెత్ తలుపు చూశాడు. పాత టేకు తలుపు. ముందు గది వైపు, భుజం ఎత్తులో, నాలుగు చిన్న గుంటలు కనిపించాయి. ఎవరో సబ్బు ముక్కతో పూడ్చి పైన రంగు పూశారు. అతను బొటనవేలు పెట్టి తడిమాడు. మేకులు కాదు, స్క్రూలు. గడియ బిగించిన గుర్తులు. తలుపు కదిలించి లోపలి వైపు చూశాడు. అటువైపు ఏమీ లేదు.

"గడియ బయట పక్కన ఎందుకుండె?" అని అడిగాడు. అడిగిన తర్వాత అర్థమైనట్టు చేయి వెనక్కి తీసుకున్నాడు.

"క్వయర్ ప్రాక్టీసుకు పోయేటప్పుడు వేసి పోతాండె. నేను ఎవురితోనూ మాట్లాడకూడదని. చర్చి ఈ సందు వెనకే కదా. ఆడ పాడేది ఈడికి బాగా ఇనపడ్తాది. లోపల కూర్చోని వింటాంటి. పాట ఆగితే వస్తాండాడని లెక్క."

యూనీస్ ఎడమచెయ్యి చీరకొంగులో దాచుకోబోయి ఆగింది.

"ఒకసారి తలుపు సందులో నుంచి వేలు పెట్టి గడియ తీయాలని చూసినా. అప్పుడే వచ్చినాడు. తలుపు తోసినాడు."

బయట వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ ధరలు అరుస్తూ పోయారు. గోడ అవతల సత్యవేదం వాటాలో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఒక చెంచా కింద పడితే ఆ చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. కెన్నెత్ గోడ వైపు తల తిప్పి చూశాడు.

"వాళ్ళకు తెలుసా?"

"గోడ చూస్తివి కదా."

అతను ఓదార్చలేదు. ఆ గుంటల మీద మరోసారి చూపు నిలిపి, టోపీ పెట్టుకునేవాడిలా తల నిమురుకుని, "వస్తా" అని బయటికి నడిచాడు. యూనీస్ గడపలోంచి చూసింది. సందు చివర బైక్ స్టార్ట్ అయింది. మలుపు తిరిగేటప్పుడు అతను వెనక్కి చూస్తాడనుకుంది. చూడలేదు.

శనివారం మధ్యాహ్నం దాకా ఫోన్ రాలేదు. యూనీస్ ఒకసారి చేసింది. రింగై రింగై ఆగిపోయింది. రెండోసారి చేస్తే స్విచ్ ఆఫ్.

"బ్యాటరీ అయిపోయుంటుందిలే," అంది ప్రసన్నలక్ష్మి.

"అవును."

"కంప్లి బ్రిడ్జి మీద నీళ్ళొచ్చాయేమో. డ్యామ్ గేట్లు ఎత్తారంటున్నారు."

"నీళ్ళొస్తే ఫోను మునుగుతాదా?"

ప్రసన్నలక్ష్మి మాట మార్చింది. మధ్యాహ్నం సరుకు బయటికి పోయాక సగం మిషన్లు ఆగాయి. యూనీస్ మఖమల్ బల్ల మీద పరిచింది. సుద్దతో గీసి, రెండు ముక్కలుగా కత్తిరించింది. మఖమల్‌ని తలకిందులుగా కత్తిరిస్తే రంగు తేడాగా కనపడుతుంది, అందుకని రెండు ముక్కలకూ పోగు ఒకవైపే వచ్చేలా చూసుకుంది. అంచులు మడిచి, పైన ఇత్తడి రింగులకు పట్టీలు కుట్టింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. రెండు రోజుల్లో ఆమె నిర్ణయించుకున్నది ఒక్కటే. కెన్నెత్ రాకపోయినా సరే, ఆ రాయిని తన చేత్తో జనానికి చూపించదు. కానీ వద్దు అనే మాట ఆమె గొంతులోంచి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. సత్యవేదం ఎదురుగా నిలబడి అడిగితే "సరే బావా" అనేస్తుందని ఆమెకు తెలుసు.

రెండు ముక్కలూ మధ్యలో కలిసే చోట, ఒకదాని అంచు ఇంకోదాని మీదికి కొంచెం ఎక్కేలా పరిచి చూసింది. పైనుంచి చూస్తే రెండు తెరలే. యూనీస్ గుడ్డ తీసుకుని బార్టాక్ మిషన్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఎరుపు దారం ఎక్కించింది. అంచు మడతను పైకెత్తి, దాని కింద సూది వచ్చేలా పెట్టి, పెడల్ తొక్కింది.

ట్రర్ర్‌ర్.

ప్రసన్నలక్ష్మి తల తిప్పింది. మఖమల్‌కి బార్టాక్ ఎవరూ వేయరు.

ట్రర్ర్‌ర్. మధ్యలో ఒకటి. ట్రర్ర్‌ర్. కింద ఒకటి. మడత దించి వేళ్ళతో నొక్కితే కుట్టు ఎక్కడా కనపడలేదు. యూనీస్ రెండు తెరలనూ చెరో చేత్తో పట్టుకుని లాగింది. విడిపోలేదు.

ప్రసన్నలక్ష్మి లేచి వచ్చి చూసింది. గుడ్డ వైపు చూసింది, యూనీస్ వైపు చూసింది. "తాడు లాగితే?"

"లాగుతానంటాను. అది రావల్ల కదా."

"కత్తెరేసి కోస్తారే."

"కోయనీ. కోసేది నేను కాదు."

సాయంత్రం సత్యవేదం వచ్చాడు. "మాటేమయింది?"

"లాగుతా బావా."

"దేవుడు నిన్ను దీవించును గాక," అన్నాడు. నిజంగానే అతని కళ్ళు చెమర్చాయి. "తెర ఇయ్యి, కట్టి చూస్తా."

యూనీస్ చేయి గుడ్డ మీద బిగుసుకుంది. "ఇస్త్రీ కాలేదు. మఖమల్ నలిగితే బాగుండదు. రేపు పొద్దున కడ్డీకి ఎక్కించి తెచ్చి ఇస్తా."

ఆదివారం మొదటి గంట కొట్టేటప్పుడు ఇచ్చింది. సత్యవేదం హడావుడిగా కుర్చీ ఎక్కి కడ్డీని కొక్కేలకు తగిలించాడు. పరీక్షించే సమయం లేదు. రెండో గంట అయిపోయింది.

చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు కూర్చుంటారు. యూనీస్ ఎప్పుడూ తలుపుకు దగ్గరగా ఆఖరి బెంచీ మీదే కూర్చుంటుంది. ఆ రోజు సత్యవేదం భార్య ఎలిజబెత్ ఆమెను చేయి పట్టుకుని ముందు వరుసలోకి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది. ఎలిజబెత్ చేయి తడిగా ఉంది.

కెన్నెత్ వచ్చాడు. కుడివైపు మధ్య బెంచీలో, ఇస్త్రీ చొక్కాతో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. యూనీస్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె తల ముందుకు తిప్పుకుంది. సరే, వచ్చాడు. సుమ్నె కూర్చుంటాడు. అంతకంటే ఎక్కువ అడగకూడదు అనుకుంది. గురువారం పెళ్ళవుతుంది. కంప్లిలో అతని ఇంట్లో ఏ తలుపుకి ఏ పక్కన గడియ ఉందో చూసుకోవాలి.

రాజ్ కుమార్ పాటలు నేర్పిన క్వయర్ బృందం పాడింది. అవే పాటలు. పాట ఆగిన ప్రతిసారీ యూనీస్ భుజాలు వాటంతట అవే బిగుసుకున్నాయి.

పాస్టర్ అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"కంప్లి వాస్తవ్యుడైన కెన్నెత్‌కును, బళ్ళారి వాస్తవ్యురాలు, కీర్తిశేషులు రాజ్ కుమార్ గారి భార్యయైన యూనీస్‌కును వివాహ ప్రకటన మూడవ పర్యాయము చేయుచున్నాను. వీరి వివాహమునకు న్యాయమైన ఆటంకము మీలో ఎవరికైనను తెలిసిన యెడల ఇప్పుడే చెప్పవలెను."

ఆనవాయితీ ప్రకారం ఆయన ఒక్క క్షణం ఆగారు. ఎవరో దగ్గారు. ఒక పాప కిందపడిన బిస్కెట్ కోసం బెంచీ కింద దూరింది. అయ్యగారు పేజీ తిప్పబోయారు.

"ఉండాది అయ్యగారూ."

యూనీస్‌కి ఆ గొంతు ముందు చెవికి కాదు, వీపుకు తగిలినట్టయింది. తిరిగి చూసింది. కెన్నెత్ లేచి నిలబడి ఉన్నాడు. ముందు బెంచీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

అయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏమి నాయనా? ఎవరికి అభ్యంతరం?"

"నాకే."

"పెండ్లికొడుకువి నువ్వే కదా!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కెన్నెత్ నవ్వలేదు.

"నేనే అయ్యగారూ. ఈ పెండ్లి ఈ చర్చిలో వద్దు. ఆ గుడ్డ లాగితేనే ప్రకటన చదువుతామని కమిటీ పెద్దలు యూనీస్‌తో చెప్పినారు. నేనూ లాగమన్నా. ఒక్క నిమిషమే కదా అన్నా. శుక్రవారం నేను వాళ్ళ ఇంట్లో ఒక తలుపు చూసినా. గడియ బయటపక్క ఉండె. ఆ రాయి మీద రాసిండేది నిజం కాదు. ఆయమ్మ చేత అది తెరిపించేది తప్పు."

"కూచో రా!" సత్యవేదం లేచి అరిచాడు. "దేవుని మందిరంలో చనిపోయినోన్ని..."

"అప్పుడొకసారి నేను చెప్పాల్సింది చెప్పలేదన్నా," అన్నాడు కెన్నెత్. "బయట నిల్చుకుంటి. అందుకే లోపలికొచ్చి చెప్తాండా."

చర్చి మొత్తం గుసగుసలతో నిండిపోయింది. అయ్యగారు పుస్తకం మూశారు. అభ్యంతరం వస్తే ప్రకటన ఆగిపోతుంది. అది అందరికీ తెలుసు. ఆయన ఏం చేయాలో తెలియక ముగింపు ప్రార్థన త్వరత్వరగా చేసి ఆశీర్వాదం చెప్పేశారు.

జనం కదలకముందే సత్యవేదం గోడ దగ్గరికి వెళ్ళాడు. మొహం కందిపోయి ఉంది. "ప్రకటన పోతే పోనీ. రాయి మాత్రం తెరవల్ల. యూనీస్, రామ్మా. మాట ఇచ్చినావు."

యూనీస్ లేచింది. కాళ్ళు అలవాటుగా అటే నడవబోయాయి. ఎలిజబెత్ మోకాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. అయితే గోడ వైపు కాదు, నడవ వైపు. యూనీస్ ఆమె మొహంలోకి చూసింది. ఎలిజబెత్ తల వంచుకుని, బెంచీకి చిక్కుకున్న యూనీస్ చీరకొంగు విడిపించి చేతిలో పెట్టింది.

యూనీస్ నడవలోకి వచ్చి నిలబడింది. అటు వెళ్ళలేదు.

"సరే, నేనే తెరుస్తా," అన్నాడు సత్యవేదం. తాడు పట్టుకుని లాగాడు.

రింగులు జరగడానికి ప్రయత్నించి ఆగాయి. తెర మధ్యలో ముడుచుకుంది గానీ విడిపోలేదు. మళ్ళీ లాగాడు. కడ్డీ ఒకవైపుకు వంగింది. మూడోసారి గట్టిగా గుంజాడు. తాడు తెగి చేతిలోకి వచ్చింది. ముదురెరుపు తెర కదలకుండా వేలాడుతోంది.

కెన్నెత్ బెంచీలోంచి ఆ తెరనే చూస్తున్నాడు. బట్ట ఎక్కడ ముడుచుకుంటోందో, ఎక్కడ పట్టి ఆపుతోందో అతని కళ్ళు పట్టుకున్నాయి. పైన, మధ్యలో, కింద. అతని కనుబొమ్మలు నెమ్మదిగా పైకి లేచాయి.

"కత్తెర తెండి," అన్నాడు సత్యవేదం. "ఎవురి కాడన్నా కత్తెరుందా?"

చర్చికి కత్తెర ఎవరు తెచ్చుకుంటారు? జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. క్వయర్‌లోంచి ఒకామె అంది. "యూనీసక్క కాడ ఉంటాది. దారాలు కోసేది ఎప్పుడూ బ్యాగులోనే ఉంటాది కదక్కా?"

అందరూ తిరిగి చూశారు.

యూనీస్ బ్యాగు జిప్పు తీసి ఉంది. లోపల రుమాలు పక్కన చిన్న కత్తెర మెరుస్తోంది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు.

"ఉండాది," అంది.

జిప్పు మూసింది. నడవ మధ్యగా నడుచుకుంటూ తలుపు దాటి బయటికి వెళ్ళిపోయింది.

ఆకాశం నిండా మబ్బు. చర్చి ముందు ఎర్రమట్టి తడిగా ఉంది. యూనీస్ గంట స్తంభం దాకా వెళ్ళి దాన్ని పట్టుకుని నిలబడింది. సంతోషం లాంటిదేమీ రాలేదు. సత్యవేదం గోడకు ఇవతలి వాటాలో తనను ఇక ఎన్ని రోజులు ఉండనిస్తారో అనే ఆలోచన ఒక్కటే వచ్చింది.

కెన్నెత్ వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు.

"ఫోన్ యాల ఎత్తలేదు?" అంది.

"ఎత్తితే నువ్వు సరేలే అంటావు. లాగుతాలే అంటావు. నేను మళ్ళా సుమ్నె అయిపోతానని భయపడినా."

"నాకేమనిపించిందో తెలుసా?"

"తెలుసు." తల వంచుకున్నాడు. "బార్టాక్ కదా?"

"నువ్వు బాగు చేసిన మిషనే."

"అంటే నేను మాట్లాడకపోయినా..."

"మాట్లాడకపోయింటే ప్రకటన అయిపోయుండు. తెర విడిపోయుండదు. గురువారం పెండ్లి. అన్నీ సరిపోయుండు. ఒక్క నిమిషం ఊరికే ఉండింటే సాలు." ఆమె గొంతు మధ్యలో విరిగింది. అది నవ్వో ఏడుపో కెన్నెత్‌కి తెలియలేదు. ఆమెకూ తెలియలేదు. "చెడగొట్టేస్తివి కదప్పా."

"చెడగొట్టినా," అన్నాడు.

"ఇప్పుడేంది?"

"రిజిస్ట్రార్ ఆఫీసుండాది. ఆడ కూడా నోటీసు పెడ్తారంట. నెలపొద్దు ఉండల్లంట. అడ్డం చెప్పేవాళ్ళు చెప్పొచ్చంట."

"నువ్వు చెప్పాకు."

"లేదు."

లోపల నుంచి కుర్చీ జరుపుతున్న చప్పుడు వచ్చింది. తర్వాత సత్యవేదం గొంతు, బతిమాలుతున్నట్టు. "యూనీస్! అమ్మా, ఆ కత్తెర ఇచ్చి పోమ్మా!"

యూనీస్ భుజాలు బిగుసుకున్నాయి. చేయి దానంతట అదే బ్యాగు మీదికి పోయింది. జిప్పు సగం తీసేసింది. అప్పుడు తన చేతిని తనే చూసుకుంది.

కత్తెర బయటికి తీసి, వంగిన వేలితో సహా చేయంతా చాపి, కెన్నెత్ అరచేతిలో పెట్టింది. అన్నేళ్ళ తర్వాత ఆమె అతన్ని తాకడం అదే మొదటిసారి.

"ఇది నీ కాడ పెట్టుకో," అంది. "ఇంగొకసారి పిలిస్తే నేను ఇచ్చేస్తా."

కెన్నెత్ కత్తెరను జీన్స్ జేబులోకి తోసుకుని బైక్ దగ్గరికి నడిచాడు. లోపల నుంచి మళ్ళీ పిలిచారు. యూనీస్ తల తిప్పకుండా, వెనక సీటు ఖాళీ చేయడానికి టూల్ బాక్స్ కట్టిన తాడు విప్పుతున్న అతన్నే చూస్తూ నిలబడింది.